ఫోటోలో నాలుగో మనిషి

ఎల్లారెడ్డి బస్టాండు దగ్గర నా స్టూడియో షట్టరు దించేసి ఏడాది దాటింది. అందులో ఇప్పుడు సెల్‌ఫోన్ల కవర్లు, చార్జర్లు అమ్ముతున్నారు. అటు పోయినప్పుడల్లా దుకాణమాయన లోపలికి రమ్మని స్టూలు జరుపుతాడు. నేను కూర్చోను. నా లైట్లు ఉన్నచోట రంగురంగుల కవర్లు వేలాడుతుంటే చూడబుద్ధి కాదు.

పెళ్ళి ఫోటోల పనిలో కొత్తగా దిగిన పిల్లలు కొందరు ఇంటికి వచ్చి నన్ను సలహా అడుగుతుంటారు. ఏ కెమెరా కొనాలి, ఏ లెన్సు మంచిది, డ్రోన్ అవసరమా, ఇవీ వాళ్ళ ప్రశ్నలు. అడగాల్సింది అది కాదురా అయ్యా అంటే మొహాలు మాడ్చుకుంటారు. ముసలోడికి డిజిటల్ రాదనుకుంటారేమో. నాకు వచ్చు. రానిది ఓపికే. అందుకే నోటితో చెప్పడం మానేసి ఇలా రాస్తున్నాను, నచ్చితే చదువుకుంటారు.

ఎవరికి పంపుతున్నావు?

నేను పని నేర్చుకున్నది కామారెడ్డిలో, స్టేషన్ రోడ్డులో ఒక పాత స్టూడియోలో. యజమానిని ఊరంతా సాబ్ అనేవారు, నేనూ అలాగే అన్నాను. తెల్ల గడ్డం, నోట్లో పాన్, మాటలో సగం ఉర్దూ, సగం తెలుగు. చాలాకాలం ఆయన నన్ను కెమెరా ముట్టుకోనివ్వలేదు. నా పని దువ్వెన, పౌడరు, అద్దం అందివ్వడం, వచ్చినవాళ్ళకు మంచినీళ్ళు ఇవ్వడం. నాకు మండుకొచ్చేది. ఫోటోలు నేర్చుకుందామని వస్తే మంగలి పని చేయిస్తున్నాడని ఇంటికి పోయి మా అమ్మ దగ్గర తిట్టుకునేవాణ్ణి.

ఒకరోజు పెళ్ళిచూపుల ఫోటో కోసం ఒక అమ్మాయిని తీసుకొచ్చారు. పిల్ల బిగుసుకుపోయింది. వాళ్ళ మేనమామ పక్కన నిలబడి నవ్వు నవ్వు అని ఒకటే కసురుడు. సాబ్ ఆయన్ని బయట చాయ్ తాగి రమ్మని పంపించేశాడు. తర్వాత పిల్లను అడిగాడు.

"గీ ఫోటో ఎవరికి పంపిస్తుండ్రు బేటీ?"

పిలగాని ఇంటోళ్ళకు అంది.

"వాళ్ళ సంగతి ఇడిసిపెట్టు. నీకు బాగ ఇష్టమున్న మనిషి ఎవరు? గా మనిషికి పంపుతున్నవనుకో. గిదో, గీ కెమెరా అద్దం ఎనక నిలబడ్డరనుకో."

ఆమె ఎవరిని తలుచుకుందో మాకు తెలియదు. లెన్సు వైపు చూసి మాత్రం మొహమంతా వెలిగింది. సాబ్ ఒక్కటే క్లిక్ కొట్టాడు, రెండోది తీయలేదు. ఆ రోజు నుంచి నేను పౌడరు డబ్బాను చిన్నచూపు చూడలేదు.

మనిషి ఒక్కడే వచ్చి స్టూలు మీద కూర్చుంటాడు. కానీ ఆ ఫోటో చూసుకునేవాళ్ళు ఎక్కడో ఇంకొకరు ఉంటారు. వాళ్ళెవరో అడగకుండా తీస్తే మొహం వస్తుంది, మనిషి రాడు. ఇది సాబ్ నాకిచ్చిన చదువు. మిగతాదంతా మెషిన్ చూసుకుంటుంది.

ముగ్గురు వద్దు

మన దగ్గర ముగ్గురు కలిసి ఫోటో దిగరు. దిగితే అందులో ఒకరికి కీడు అంటారు. మీకు తెలిసిందే, మీ ఇళ్ళలో కూడా అనే ఉంటారు. సాబ్ స్టూడియోలో ఇందుకోసమే ఒక రబ్బరు బొమ్మ ఉండేది. ఒక కన్ను ఊడిపోయింది దానికి. ముగ్గురు వస్తే అందులో చిన్నవాళ్ళ చేతికి ఆ బొమ్మనిచ్చి, ఇగ నలుగురైండ్రు, కూసోండ్రి అనేవాడు. అందరి మొహాలూ తేలికపడేవి. పిల్లలు లేకపోతే గోడమీది దేవుడి పటం, అదీ కుదరకపోతే ఇంటినుంచి తెచ్చుకున్న చనిపోయిన తాత ఫోటో. నాలుగో మనిషి ఎవరైనా సరే.

మొన్నామధ్య నాగిరెడ్డిపేటలో ఒక పెళ్ళికి పిలిస్తే పోయాను. అక్కడ ఒక కుర్ర ఫోటోగ్రాఫరు, పెండ్లికొడుకు, పెండ్లికూతురు పక్కన ఆమె నానమ్మను ఒక్కదాన్నే నిలబెట్టాడు. ఆమె ఇంకొకరిని పిలవమంది. వాడు మైకులో వినబడేట్టు నవ్వి, ఏ కాలంలో ఉన్నవు అవ్వా అన్నాడు. ఆమె స్టేజీ దిగిపోయింది. అన్నం కూడా తినలేదు. వాణ్ణి పక్కకు పిలిచి నాలుగు చివాట్లు పెట్టాను, తప్పులేదు.

నేను ఆ నమ్మకం నమ్ముతానా అని అడుగుతారు. నమ్మను. కానీ అది ఎక్కడినుంచి వచ్చిందో తెలుసు. పక్కనున్న ఇద్దరిలో ఎవరికీ ఏమీ కావొద్దని ఆ నానమ్మ భయం. ఆ భయం ప్రేమలోంచి వచ్చింది. దాన్ని చూసి నవ్వేవాడు మొహాలు తీసే పనికి పనికిరాడు. నా మాట గట్టిగానే ఉంటుంది, పట్టించుకోకండి.

పోయినవాళ్ళ మొహాలు

చిన్న ఊళ్ళో స్టూడియో నడవడానికి పెళ్ళిళ్ళతో పాటు చావులు కూడా కారణమే. ఎవరూ చెప్పరు గానీ నిజం. మనిషి పోయాక పదకొండో రోజుకు ఫోటో కావాలి, దండ వేయడానికి. చాలామందికి వేరే ఫోటో ఉండదు. ఏ పెళ్ళిలోనో గుంపులో వెనక నిలబడ్డ ఫోటో తెస్తారు, లేకపోతే ఆధార్ కార్డు. అందులోంచి మొహం కత్తిరించి, భుజాలు అతికించి, వెనక నీలం రంగు వేసి పెద్దది చేసి ఇస్తాం. మా వైపు నీలం అంటే పోయినవాళ్ళ రంగే. బతికున్నవాళ్ళకు నేను ఆ రంగు ఎప్పుడూ వేయలేదు.

ఈ పనిలో మరీ అందంగా చేయకండి. నుదుటి మీద మచ్చ ఉంటే ఉండనివ్వండి. ఆ మచ్చ తీసేస్తే ఇంట్లోవాళ్ళు గుర్తుపట్టరు. ఫ్రేము వెనక్కి తెచ్చి, గీయన మా ఆయన గాదు అని ఒకావిడ నా ముందు ఏడ్చింది.

కరోనా వచ్చినప్పుడు ఈ పనే నా మీద పడింది. షట్టరు మూసే ఉంది, అయినా ఫోన్లు ఆగలేదు. దవాఖానకు పోయినవాళ్ళు పోయినట్టే తిరిగి రాలేదు. కడసారి మొహం చూడనివ్వలేదు. ఆధార్ కార్డు ఫోటో నా వాట్సాప్‌కు పంపి, ఎట్లనన్న మంచిగ చెయ్యి అన్నా, చూసుకోనికి గిదొక్కటే ఉన్నది అనేవాళ్ళు. ఇంట్లో చిన్న ప్రింటరు ముందు కూర్చుని ఒక్కో మొహం వెనక నీలం వేస్తూ పొద్దు మరిచేవాణ్ణి. మా ఇంటావిడ వచ్చి కంప్యూటరు ఆపేసి, ఇగ తిను అని కంచం చేతిలో పెట్టేది.

వాకిట్లో కూర్చున్న ముగ్గురు

మొదటి లాక్‌డౌన్‌లోనే లింగంపేట నుంచి సుగుణ ఫోన్ చేసింది. ఆమె పెళ్ళి ఫోటోలు తీసింది నేనే. ఆల్బమ్ అట్ట మీద నా నంబరు ఉందట. భర్త గంగాధర్ బొంబాయిలో టైల్స్ పని చేస్తాడు. అక్కడే చిక్కుకుపోయాడు. ఇంట్లో సుగుణ, అత్త రాజవ్వ, బడికి పోయే బిడ్డ శ్రావణి. సుగుణ ఫోను కిందపడి తెర పగిలింది. మాట వినబడుతుంది గానీ మొహం కనబడదు. దుకాణాలు బందు, బాగుచేసేవాడు లేడు. కొడుక్కు మా మొకాలు పంపాలె, ఫోటో అన్నను పిలువు అని రాజవ్వ పట్టుబట్టిందట.

పొద్దున కూరగాయలకు వదిలే సమయంలో నా మోపెడ్ మీద బయలుదేరాను. చౌరస్తాలో కానిస్టేబుల్ ఆపి సంచిలో ఏముందో చూశాడు. పెండ్లిళ్ళే లేవు, ఎవనికి తీస్తవ్ పెద్దమనిషీ అని నవ్వి వదిలేశాడు.

నేను రోడ్డు మీద నిలబడ్డాను, వాళ్ళు వాకిట్లో గడప ముందు కూర్చున్నారు. నడుమ దూరం ఉంది కాబట్టి పెద్ద లెన్సు పెట్టాను. రాజవ్వ డెబ్బై దాటిన మనిషి, బక్కగా ఉంది, గుండె జబ్బు. అత్తాకోడళ్ళిద్దరూ బీడీలు చుడతారు. చాటలు పక్కకు జరిపి కూర్చున్నాక ఆమె వేలితో ముగ్గురినీ లెక్కబెట్టుకుంది.

"ముగ్గురమైనం. పో బిడ్డా, మీ డాడి ఫోటో పట్టుకరా."

శ్రావణి లోపలికి ఉరికి గోడమీది పెళ్ళి ఫోటో తెచ్చింది. రాజవ్వ దాన్ని ఒళ్ళో నిలబెట్టుకుని కొంగుతో తుడిచింది. ఇప్పుడు నలుగురం, తియ్యి తమ్మీ అంది. గంగాధర్‌కే పంపుతున్నాను, నా వెనకే నిలబడ్డాడనుకోండి అన్నాను. ముగ్గురూ చూసిన చూపు చూసి నేను ఒకసారి వెనక్కి తిరిగి చూసుకున్నాను, నవ్వకండి.

ఫోటో పంపిన రోజే గంగాధర్ నాకు ఒక మాట రికార్డు చేసి పంపాడు. గొంతులో నవ్వుంది.

"అన్నా, పెండ్లప్పటి నా మొకం ఎందుకే, గిప్పుడు ముసలోని లెక్కైన. నా ఫోటో పంపుతున్న, నన్ను వాళ్ళ పక్కపొంటి కూసోబెట్టు. మా అవ్వ మస్తు బక్కగైంది. జర గంజి తాపమని సుగుణకు చెప్పు."

గదిలో గోడకు ఆనుకుని తీసుకున్న ఫోటో. ఆకుపచ్చ అంగీ, నవ్వు మొహం. నేను అతన్ని రాజవ్వ పక్కన గడప మీద కూర్చోబెట్టాను. వెలుగు సరిగ్గా కుదరలేదు, పనివాడికి తెలుస్తుంది. కానీ ప్రింటు తీసుకుపోయి ఇస్తే రాజవ్వ కొడుకు మొహం మీద వేలు పెట్టి అలాగే ఉంచింది. గీడనే కూసున్నట్టున్నడు అంది. దాన్ని బీడీలు చుట్టే చోట ఎదురుగా గోడకు అతికించుకుంది.

అంగీ రంగు

కొన్ని వారాల తర్వాత సుగుణ మళ్ళీ ఫోన్ చేసింది. గొంతు తగ్గించి మాట్లాడుతోంది. ఇంటి వెనక్కి వచ్చి చేస్తున్నానంది.

"ఆయన లేడన్నా."

నాకు ముందు అర్థం కాలేదు. జ్వరం వచ్చిందట. గదిలో ఉన్న తోటి పనివాళ్ళు దవాఖానలో చేర్చారు. అక్కడే పోయాడు. మునిసిపాలిటీవాళ్ళే కాల్చేశారట. తోటివాడొకడు ఫోన్ చేసి చెప్పాడు. బూడిద కూడా ఇంటికి రాలేదు.

అత్తకు చెప్పలేదంది. గుండెకు ఏ దెబ్బా తగలొద్దని డాక్టరు అంతకుముందే హెచ్చరించాడు. బస్సులు లేవు, ఆటోలు లేవు, రాత్రికి రాత్రి ఏమన్నా అయితే ఎక్కడికి తీసుకుపోవాలి? అన్నీ తెరిచినంక చెప్తనన్నా, అప్పటిదాంక ఆమెను కాపాడుకోవాలె అంది. చుట్టుపక్కలవాళ్ళకూ తెలియనివ్వలేదు. రోజూ తలస్నానం చేసి, బొట్టు పెట్టుకుని, చేతినిండా గాజులతో అత్త ఎదురుగా కూర్చుని బీడీలు చుడుతోంది. బొంబాయిలో సిగ్నలు కలుస్తలేదని రోజుకో అబద్ధం చెబుతోంది. ఏడుపొస్తే పెరట్లోకి పోతుందట, అదీ ఎక్కువసేపు కాదు.

ఇప్పుడు అత్త మళ్ళీ ఫోటో దిగుతానని పట్టుబట్టిందని చెప్పింది. ఆ తర్వాత అసలు మాట అడిగింది.

"ఆయన పాత ఫోటో నీ తాన ఉన్నది గదన్నా. గా అంగీ రంగు మార్చి ఇంకోటి చెయ్యి. నిన్న పంపిండని చెప్పు. నీ మాట నమ్ముతది."

గుంపులోంచి పోయినవాళ్ళను వేరు చేయడం నా జీవితమంతా చేశాను. పోయినవాణ్ణి బతికున్నట్టు చేయమని ఎవరూ నన్ను అడగలేదు. ఫోన్ పెట్టేశాక ఎంతసేపటికీ పని మొదలుపెట్టలేకపోయాను. కాదంటే ఆ ముసలామె గుండె ఆగుతుందేమో. అవునంటే రేపు నిజం తెలిశాక నా మొహం ఎట్లా చూపించాలి? చివరికి చేశాను. ఆకుపచ్చ అంగీని కాఫీ రంగుకు మార్చాను. గోడ రంగు మార్చాల్సి వచ్చినప్పుడు చెయ్యి అలవాటుగా నీలం మీదికి పోయింది. చప్పున వెనక్కి తీసుకున్నాను.

అది సరైన పనా కాదా అని నన్ను అడగకండి. ఇప్పటికీ తేల్చుకోలేదు. మీకూ ఎప్పుడో ఒకసారి ఇలాంటి పని వస్తుంది, ఏ పుస్తకంలోనూ జవాబు ఉండదు.

మళ్ళీ ఆ వాకిట్లో

నేను పోయేసరికి ముగ్గురూ వాకిట్లోనే ఉన్నారు. సుగుణ మొహాన పెద్ద ఎర్ర బొట్టు, చేతులకు ఆకుపచ్చ గాజులు. కళ్ళ కింద మాత్రం నల్లగా గుంటలు పడ్డాయి. ఎన్ని మొహాలకు పౌడరు అందించానో, ఆ గుంటలను ఏ పౌడరూ కప్పదు.

కొత్త ప్రింటును కవరులో పెట్టి గడప దగ్గర ఉంచి వెనక్కి జరిగాను. నిన్న పంపిండు అవ్వా అన్నాను. మాస్కు ఉండటం మంచిదైంది. రాజవ్వ కవరు తీసి ఫోటోను చాలాసేపు చూసింది. గోడకున్న పాత ఫోటో వైపు ఒకసారి చూసింది. మంచిగున్నడు అని, దాన్ని మళ్ళీ కవరులో పెట్టి చాట కింద దాచింది. సుగుణ ఊపిరి వదలడం రోడ్డు మీద ఉన్న నాకు కూడా తెలిసింది.

కూర్చోండి, ఫోటో తీస్తానన్నాను. శ్రావణికి అలవాటే కదా, ఎవరూ చెప్పకముందే డాడి ఫోటో తేవడానికి లేచింది. రాజవ్వ పిల్ల చెయ్యి పట్టుకుని ఆపింది.

"వద్దు బిడ్డా. లోపల్నే ఉండనియ్యి."

సుగుణ చప్పున అందుకుంది. "అట్లయితే ముగ్గురమైతం అత్తా."

"ముగ్గురమే గద సుగుణా."

శ్రావణి ఒకసారి నానమ్మను, ఒకసారి తల్లిని చూసింది. నేను కెమెరా కిందికి దించాను. రాజవ్వ నా వైపు చూసి మాట్లాడింది గానీ ఆ మాటలు నాకు కాదు.

"గీ పిల్ల బీడీ ఎంత గట్టిగ చుట్టేదో గీ వాడంత తెలుసు తమ్మీ. గిప్పుడు అన్నీ వదులే. అది పెరట్లకు పోయినప్పుడు నేను ఇప్పి మల్ల చుడ్తున్న. గప్పుడే నాకు సమజైంది. అడుగుదామంటే నోరు రాలే. నన్ను చూసి అది, దాన్ని చూసి నేను, ఇద్దరం గిట్లనే మింగుకుంట కూసున్నం. అందుకే నిన్ను పిలిపించిన."

సుగుణ చెయ్యి నుదుటి మీదికి పోయింది, బొట్టు తీసేయడానికి. రాజవ్వ ఆ చెయ్యి పట్టుకుంది.

"ఉండనియ్యి. నీ మొకానికి గదే మంచిగుంటది. ఏడ్వు బిడ్డా. ఇగ నా ముంగట ఏడ్వు."

సుగుణ అత్త ఒళ్ళో తలపెట్టి ఏడ్చింది. అన్ని రోజుల ఏడుపూ ఒక్కసారే వచ్చింది. రాజవ్వ కూడా ఏడ్చింది, కొడుకు పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చింది. శ్రావణి ఇద్దరి మెడల చుట్టూ చేతులు వేసింది. పక్కిళ్ళ తలుపులు తెరుచుకున్నాయి, అందరూ దూరం నుంచే చూస్తూ కళ్ళు తుడుచుకున్నారు. దగ్గరికి పోయి భుజం మీద చెయ్యి వేసే వీలు ఎవరికీ లేదు. నేను రోడ్డు మీద అలాగే నిలబడి ఏడ్చాను, మాస్కంతా తడిసింది.

సద్దుమణిగాక నేను కెమెరా సంచిలో పెట్టబోయాను. రాజవ్వ కొంగుతో కోడలి మొహం తుడిచి, చెదిరిన జుట్టు సర్ది, పిల్లను నడుమ కూర్చోబెట్టుకుంది.

"యాడికి పోతున్నవ్ తమ్మీ? ఫోటో తియ్యవా?"

నోటికి ఏళ్ళ అలవాటు, అడిగేశాను. "ఎవరికి పంపాలె అవ్వా?"

"ఎవ్వలికీ వద్దు. ఇంట్ల పెట్టుకోనికి. మేం ముగ్గురం ఉన్నమని."

నేను కళ్ళు తుడుచుకుని కెమెరా ఎత్తాను.